ఆరేళ్ల పాపకు మోకాలి నొప్పి, పొద్దున్నే కుంటుతోంది. ఎవరికి చూపించాలి?

చిన్ని అమ్మ (ఖమ్మం): మా పాప 2 నెలలుగా కుడి మోకాలు నొప్పి అంటోంది. నిద్ర లేవగానే బాత్రూం దాకా గోడ పట్టుకుని నడుస్తుంది. పదింటికల్లా మామూలుగా ఆడుకుంటుంది. సాయంత్రం క్లినిక్‌కి తీసుకెళ్తే అసలు కుంటదు. ఇద్దరు ఎముకల డాక్టర్లు చూశారు. ఎక్స్‌రేలో ఏమీ లేదు, ఆర్ఏ ఫ్యాక్టర్ (కీళ్లవాతానికి చేసే రక్తపరీక్ష) నెగెటివ్, ఎదిగే వయసులో వచ్చే నొప్పులేనని క్యాల్షియం సిరప్ రాశారు. మా అత్తగారు బడి ఎగ్గొట్టడానికి వేషాలంటున్నారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

బాబు నాన్న (గుంటూరు): వేషాలు కావమ్మా. మా వాడిదీ అచ్చం ఇదే. సరైన డాక్టర్ దగ్గరికి చేరేసరికి 11 నెలలు పట్టింది. ఎదిగే వయసు నొప్పులు సాయంత్రం, రాత్రిపూట రెండు కాళ్లలోనూ వస్తాయి, తెల్లారేసరికి పోతాయి, పిల్లలు కుంటరు. పొద్దున బిగుసుకుపోయి, తిరిగే కొద్దీ వదులుతోందంటే కీలు లోపల వాపు ఉందేమోనని చూడాలి. 16 ఏళ్ల లోపు పిల్లల్లో అది 6 వారాలు దాటితే, వేరే కారణం దొరక్కపోతే, జేఐఏ అంటారు. పిల్లల కీళ్లవాతం అన్నమాట. ఈ జబ్బున్న పిల్లల్లో ఎక్కువమందికి ఆర్ఏ నెగెటివే వస్తుందని మాకు ఆలస్యంగా తెలిసింది. ఆ ఒక్క కాగితం చూసి అన్ని నెలలూ ఊరుకున్నాం. ఈలోగా వాపున్న కాలు రెండోదానికంటే పొడవు పెరిగింది. ఇప్పుడు రెండో చెప్పులో మందంగా అట్ట వేయిస్తున్నాం.

రేపు పొద్దున పాప మంచం దిగేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు వీడియో తీయండి. మేం వీడియో చూపించగానే డాక్టర్ గారు ఫైలు పక్కన పెట్టి, బాబును నేల మీద కూర్చోబెట్టి లేవమన్నారు. అంతకుముందు ఎవరూ అలా చూడలేదు.

నర్సు అక్క (వరంగల్): పిల్లల రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టర్) అడగండి. దగ్గర్లో లేకపోతే పెద్దల రుమటాలజిస్టుకైనా చూపించండి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో రుమటాలజీ విభాగం ఉంది, ఓపీ రోజులు కనుక్కుని వెళ్లండి. పిల్లల డాక్టర్ చేత లెటర్ రాయించుకోండి, అందులో ఎన్ని వారాలుగా ఉందో కచ్చితంగా రాయమనండి. జ్వరం, బరువు తగ్గడం, పాలిపోవడం, రాత్రి నొప్పితో ఏడుస్తూ లేవడం ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. రక్త క్యాన్సర్ కూడా ఒక్కోసారి ఎముకల నొప్పితోనే బయటపడుతుంది. కారణం తేలకుండా స్టెరాయిడ్ వేస్తే అది కప్పబడిపోతుంది. జ్వరంతో పాటు కీలు ఎర్రగా, వేడిగా వాచి కాలు కదపలేకపోతే అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి.

హాసిని మమ్మీ (న్యూజెర్సీ): మాకు నెలల తర్వాతి డేట్ ఇచ్చారు. ఎవరైనా రాకపోతే పిలవమని పేరు రాయించాను, రోజూ ఫోన్ చేశాను. చివరికి మా పిల్లల డాక్టరే నేరుగా మాట్లాడితే తొందరగా చూశారు. మొహమాటపడకండి అక్కా.

ఇద్దరు పిల్లల తల్లి (విశాఖ): కళ్లు మర్చిపోకండి! ఈ జబ్బులో కొందరు పిల్లలకు కంటి లోపల వాపు వస్తుంది. మా అమ్మాయికి కన్ను ఎర్రబడలేదు, నొప్పీ లేదు. కంటి డాక్టర్ సన్నటి లైటు వేసి కన్ను లోపల చూసే స్లిట్ ల్యాంప్ పరీక్షలోనే బయటపడింది. ఇప్పుడు 3 నెలలకోసారి చూపిస్తున్నాం.

చిన్ని అమ్మ (ఖమ్మం): అందరికీ చాలా థాంక్స్. వీడియో చూశాక మా అత్తగారే హైదరాబాద్ దాకా తోడొచ్చారు. స్కానింగ్‌లో మోకాలి లోపల నీరు కనబడింది. జేఐఏ అనే చెప్పారు. మత్తిచ్చి కీలులోకి ఇంజెక్షన్ చేస్తారట. మత్తంటేనే భయంగా ఉంది.

బాబు నాన్న (గుంటూరు): మా వాడికీ చేశారమ్మా. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చేశాం. ఎన్ని గంటల నుంచి ఏమీ తినిపించకూడదో ముందే అడగండి. తర్వాత ఒకట్రెండు రోజులు పరుగులు పెట్టనివ్వకండి. కంటి పరీక్షకు డేట్ ఇప్పుడే తీసుకోండి.