పాత రాక్ ఊల్‌ని కాల్చి మళ్ల చుట్టొచ్చా?

ధర్మాబాద్_ఫిట్టర్:
అన్నలకు నమస్తే. మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దిక్కు. చక్కెర ఫ్యాక్టరీల క్రషింగ్ అయిపోయి బాయిలర్ ఓవర్‌హాల్ నడుస్తున్నది, స్టీమ్ పైపుల మీద వేడి పోకుండ చుట్టిన పాత లాగింగ్ ఇప్పితే రాక్ ఊల్ (రాయి కరిగిచ్చి తీసిన పోగుల దూది) రెండు ట్రాక్టర్లయింది. పైన తొడిగిన క్లాడింగ్ షీటు, జాలీ స్క్రాప్ వాళ్లు కొంటరు గని ఊల్ ఎవ్వరు ముట్టుతలేరు. కాంట్రాక్టర్ ఏమో ఇటుక బట్టీల పెట్టి కాలిస్తే గమ్ పోయి కొత్తదాని లెక్క అయితది, మళ్ల చుట్టొచ్చు అంటున్నడు. నిజమేనా? కరిగిచ్చుడన్నా అయితదా? వానలు పడేలోపట తేల్చాలె, పోరగాండ్లు ఆ కుప్ప మీదనే ఆడుతున్నరు, నాకు మస్తు భయమైతున్నది.

బల్లార్షా_బాయిలర్:
బట్టీల మాత్రం పెట్టనియ్యకు తమ్మీ. ఆ గమ్ ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రెజిన్, 200 డిగ్రీలు దాటినంక కాలుడు షురువైతది. కొత్త లాగింగ్ మీద మొదటిసారి స్టీమ్ వదిలితే పొగ, ఘాటు వాసన వస్తది సూడు, అదే. గమ్ పోయినంక పోగుల్ని పట్టి ఉంచేది ఏముంటది? నీ కుప్పలనే సూడు, పైపుకు ఆనిన దిక్కు రంగు మారి చేతుల పొడి అయితది, బయటి దిక్కు ఇంకా గట్టిగనే ఉంటది. 800 డిగ్రీల పైన అయితే పోగులనే స్ఫటికాలు కట్టి ఇంకా పెళుసైతది.

దెగ్లూర్_నల్లరాయి:
కరిగిచ్చే సంగతి నేను జెప్త. మన నల్లరేగడి కింద ఉన్న నల్లరాయి, అదే బసాల్ట్, దాన్ని కోక్ బొగ్గు తోటి కుపోలా అనే నిలువు కొలిమిల 1500 డిగ్రీల దాంక కరిగిచ్చి గిర్రున తిరిగే చక్రాల మీద పోస్తే పోగైతది. అంటే పాత ఊల్ కరిగితే మళ్ల ఊల్ చేయొచ్చు, ఊల్ కంపెనీలు వాళ్ల వేస్టు నలగ్గొట్టి సిమెంటు కలిపి ఇటుకల లెక్క చేసి వేస్తరు, లూజుగ వేస్తే గాలి సందులు మూసుకపోతయ్. ఇనుము కరిగిచ్చే ఊరి ఫౌండ్రీల ఇది కాదు. పైగ క్యూబిక్ మీటరుకు 100-150 కిలోలే, ట్రాలీ నిండినా బరువుండదు, దూరం పంపితే డీజిల్ ఖర్చే మీద పడ్తది. అందుకే ముందు జాలీ, తగరం ఏరి, ఊల్ గట్టిగ అదిమి బేళ్లు కట్టి, తీసుకునే ఊల్ కంపెనీ ఉన్నదా అని అడుగు.

ధర్మాబాద్_ఫిట్టర్:
ఒకటి మర్చిపోయిన అన్నా, ఫర్నేస్ డోర్ దగ్గరి తెల్ల బ్లాంకెట్ గూడ అండ్లనే కలిసింది.

బల్లార్షా_బాయిలర్:
అది సిరామిక్ ఫైబర్, ఈ రోజే వేరు చేయ్! క్యాన్సర్ మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ 2002ల మామూలు రాక్ ఊల్‌ని గ్రూప్ 3ల, అంటే క్యాన్సర్ తెస్తదో లేదో తేల్చలేనిదాంట్ల పెట్టింది, సిరామిక్ ఫైబర్‌ని 2బీల, అంటే క్యాన్సర్ అనుమానం ఉన్నదాంట్ల. 1000 డిగ్రీల దిక్కు చాన్నాళ్లు ఉన్న బ్లాంకెట్ల క్రిస్టోబలైట్ అనే సిలికా స్ఫటికం తయారైతది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. నీళ్లు చిలకరించి, ఎన్95 మాస్కు, నిండు చేతుల అంగీ వేస్కొని సంచులల్ల కట్టు. ఊల్‌ల బయటి దిక్కు మంచి ముక్కలు ఎండినయ్ అయితే తక్కువ వేడి లైనుకు పనికొస్తయ్, తడివి వద్దు, లోపల పైపు తుప్పు పడ్తది.

ధర్మాబాద్_ఫిట్టర్:
సరే అన్నా. తెల్లది ఏరి సంచులల్ల కట్టిపిచ్చిన, మిగిలిన కుప్ప మీద తాడిపత్రి కప్పిన, పోరగాండ్లను రానియ్యకుండ వాచ్‌మన్‌ని కూసోపెట్టిన. బట్టీ వద్దని కాంట్రాక్టర్‌కు రేపు పొద్దుగాల మొఖం మీదనే జెప్త.