గాలివానకు ఇల్లు గట్టి చేయిస్తే ఇన్సూరెన్స్ తగ్గుతుందా? సీమ వాళ్లు చెప్పండి

డాబామీద_షెడ్డు (అనంతపురం)
మా డాబా మీద రేకుల షెడ్డు ఉంది, పక్కనే 3 కిలోవాట్ల సోలార్. ఏప్రిల్, మే వచ్చిందంటే సాయంత్రం గాలికి రేకులు దడదడ కొట్టుకుంటాయి, ఒకటి ఊడి పక్కింటి పిల్లల మీద పడితే ఏంటని ఇంట్లో అందరికీ టెన్షన్. షెడ్డు పైపులు మార్చి, పిట్టగోడ ఎత్తు పెంచి, కిటికీలకు షట్టర్లు పెట్టడానికి అరవై వేలు అవుతుందన్నాడు మేస్త్రీ. మా బావమరిది ఫ్లోరిడాలో ఉంటాడు. అక్కడ ఇల్లు గట్టి చేయిస్తే ఇన్సూరెన్స్ తగ్గిస్తారట, ఆ మిగులులోనే ఖర్చు వచ్చేస్తుంది, నువ్వూ అడుగు అంటున్నాడు. మన దగ్గర అలాంటిది ఉందా?

హంద్రీ_గట్టు (కర్నూలు)
అన్నా, మీ బావమరిది చెప్పింది అక్కడికి నిజమే. ఫ్లోరిడాలో గాలికి తట్టుకునేలా ఇల్లు చేయించుకుంటే కంపెనీలు ప్రీమియం తగ్గించాలని చట్టమే ఉంది. ఇన్‌స్పెక్టర్ వచ్చి కప్పును గోడకు ఇనప పట్టీలతో బిగించారా, కిటికీలకు తుపాను షట్టర్లు ఉన్నాయా అని చూసి రిపోర్టు రాస్తాడు, అది ఐదేళ్లు చెల్లుతుంది. అలబామాలో కూడా అలాంటి చట్టమే ఉంది, పైగా కప్పు మార్చుకోవడానికి 10,000 డాలర్ల దాకా గ్రాంటు ఇచ్చే పథకం నడుస్తోంది. అక్కడ ఏటా కట్టేదే వేల డాలర్లు, కాబట్టి తగ్గింపుకు విలువ ఉంటుంది. అయినా తుపాను నష్టంలో మొదటి భాగం ఇంటి ఓనరే పెట్టుకోవాలి. 3 లక్షల డాలర్ల ఇంటికి 2 శాతం అంటే 6,000 డాలర్లు జేబులోంచి.

మన లెక్క వేరు. నేను ఇరవై లక్షలకు రాయించాను, ఏడాదికి రెండు వేల లోపే పడుతోంది. అందులో 20 శాతం తగ్గించారనుకున్నా మిగిలేది నాలుగు వందలు, మీ అరవై వేలు తిరిగి రావడానికి 150 ఏళ్లు కావాలి. మొత్తం మాఫీ చేసినా 30 ఏళ్లు. కాబట్టి ప్రీమియం మిగులుతుందని పని చేయించొద్దు. రేకు ఎగరకూడదు, పక్కింటి వాళ్లకు దెబ్బ తగలకూడదు అన్నదే కారణమైతే వెంటనే చేయించండి. పాలసీ మాత్రం ఆ పనులేవీ ఆపలేని దానికోసం. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ రెండూ పాతబస్తీ మీదికి వచ్చినప్పుడు మా ఇంట్లో నీళ్లు కిటికీలు దాటాయి. ఆ నీళ్ల ముందు షట్టరేం చేస్తుంది, పిట్టగోడేం చేస్తుంది? బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ బురదలో కలిశాయి. అప్పుడు మా వీధిలో ఇంటికి ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు నాకు తెలిసి ఒక్కరూ లేరు.

వెల్డింగ్_షాపు (తాడిపత్రి)
షెడ్డు విషయం నేను చెప్తాను, రోజూ చేసే పని ఇదే. గాలి పైనుంచి నొక్కి రేకును పడగొట్టదు, కిందనుంచి దూరి పైకి లేపుతుంది. అంచుల్లో, మూలల్లో లాగుడు ఎక్కువ, అందుకే అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి, రబ్బరు వాషర్ తప్పనిసరి. మూడు పక్కలా మూసి ఒక పక్క తెరిచిన షెడ్డే ముందు ఎగిరిపోతుంది. ఇంకో మాట, రేకుల మీద బరువుకని రాళ్లు, ఇటుకలు పెట్టినవాళ్లు ఈరోజే తీసేయండి, గాలికి అవి కింద మనిషి తల మీదికి వస్తాయి. పైపు కాళ్లను స్లాబులోకి బోల్టులతో దించాలి, ఊరికే సిమెంటు దిమ్మ పోసి నిలబెడితే చాలదు. సోలార్ స్టాండుకు కూడా ఇదే. ఇంతవరకు చేయించుకుంటే అరవై వేలు కావు, చాలా తక్కువలో అవుతుంది. షట్టర్లు మన అనంతపురానికి అవసరం లేదని నా అభిప్రాయం.

బుగ్గవంక_వీధి (కడప)
మాకు గాలి కంటే నీళ్ల భయం ఎక్కువ. 2020 నవంబర్‌లో నివర్ తుపానుకు వంక పొంగినప్పుడు మా కింది పోర్షన్ మునిగింది. తర్వాత స్విచ్‌బోర్డులు, ఇన్వర్టర్ నడుము ఎత్తుకు పైకి జరిపించాం, బాత్రూం పైపుల్లో మురుగు వెనక్కి తన్నకుండా వాల్వు పెట్టించాం. ఇవి చిన్న ఖర్చులే, కానీ ప్రతి వానకీ పనికొస్తున్నాయి. ఇల్లు ఎత్తు పెంచుదామంటే మాత్రం జాకీల వాళ్లు చెప్పిన రేటు మా వల్ల కాలేదు. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా పైన పోస్తున్నారు, ఇళ్లు గుంతలోకి పోతున్నాయి, దీని గురించి అడిగేవాళ్లే లేరు.

పాలసీ తీసుకునేవాళ్లు భారత్ గృహ రక్ష అని అడగండి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే నిబంధనలతో ఇవ్వాల్సిన పాలసీ ఇది, తుపాను, వరద, పిడుగు అన్నీ ఉంటాయి. కట్టడానికయ్యే ఖర్చుకే రాయించాలి, స్థలం ధర కలపొద్దు. వెయ్యి చదరపు అడుగులకు అడుగు రెండు వేల చొప్పున ఇరవై లక్షలైతే, ఇంట్లో సామాన్లకు అందులో 20 శాతం, అంటే నాలుగు లక్షలు విడిగా చెప్పకుండానే వస్తుంది. నగలకు మాత్రం వేరే రాయించుకోవాలి. గోడ నెమ్ము, ఏళ్ల తరబడి కారే స్లాబు, వీటికి ఒక్క రూపాయి రాదు.

చెయ్యేరు_పల్లె (రాజంపేట)
2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు మా వైపు ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోయాయి. పరిహారం కోసం ఎంత తిరిగారో చూసినవాడిని. రెండు వేలు దండగ అనుకోకండి, దయచేసి కట్టండి.

హోమ్‌లోన్_కష్టాలు (నంద్యాల)
బ్యాంకులో లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ కట్టించుకున్నారుగా, మళ్లీ ఎందుకు?

హంద్రీ_గట్టు (కర్నూలు)
అక్కా/అన్నా, ఆ కాగితం తీసి చదవండి. చాలామందిది లోన్ తీసుకున్న మనిషి చనిపోతే అప్పు తీర్చే పాలసీ. ఇల్లు మునిగితే దానికి సంబంధం లేదు. ఒకవేళ ఇంటిదే అయినా లోన్ బాకీ వరకే రాశారేమో, ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. క్లెయిం తిప్పికొడితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా, తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులకున్న ప్రభుత్వ వెబ్‌సైట్ బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. అప్పటికీ తేలకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇలాంటి గొడవలు విని తేల్చే అధికారి) ఉన్నారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

డాబామీద_షెడ్డు (అనంతపురం)
అందరికీ థ్యాంక్స్. షట్టర్లు, పిట్టగోడ వదిలేస్తున్నా. షెడ్డు, సోలార్ స్టాండు ఈ నెలలోనే బిగిస్తాం, పాలసీ కూడా తీసుకుంటాం. సోలార్ అందులోకి వస్తుందా?

బుగ్గవంక_వీధి (కడప)
వస్తుంది అన్నా. కాంపౌండు గోడ, నీళ్ల ట్యాంకు, సోలార్ ప్యానెళ్లు ఇంటి నిర్వచనంలోనే ఉన్నాయి, వాటి ఖరీదు కలిపి రాయించండి. రేకుల షెడ్డు సంగతి మాత్రం ప్రపోజల్ ఫారంలో విడిగా రాసి, బిగించిన తర్వాతి ఫొటోలు, వెల్డింగ్ బిల్లు కంపెనీకి మెయిల్ చేసి పెట్టుకోండి. రేపు నష్టం లెక్కకట్టే కంపెనీ సర్వేయర్ వచ్చినప్పుడు మొదట అడిగేది అవే.