అప్‌డేట్: అమ్మతో ఎగ్మోర్ మ్యూజియానికి వెళ్లొచ్చాం

గుంటూరు నుంచి వచ్చిన అమ్మను గుళ్లకు కాకుండా చెన్నై ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియానికి తీసుకెళ్తే విసుక్కుంటుందేమో అని అడిగాను కదా. విసుగు మాట అటుంచి, ఆవిడను బయటికి తీసుకురావడమే గగనమైంది.

కంచు విగ్రహాలు ముందు చూడమన్నారు మీరు. అమ్మ మాత్రం అమరావతి శిల్పాల దగ్గరే ఆగిపోయింది. సొంత ఊరి పక్కవి మరి! బుద్ధుడు శాంతింపజేసిన నలగిరి అనే మదపుటేనుగు కథ చెక్కిన పలకలో ఒకే వృత్తంలో ఆ ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది: ఒకవైపు మనుషులను తొక్కేస్తూ, మరోవైపు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి. పైన కిటికీల్లోంచి జనం తొంగిచూస్తుంటారు. "గొడవైతే చూడటానికి అప్పుడూ ఇంతేనన్నమాట" అంది.

తర్వాత తమిళనాడులోని తిరువెంగాడుకు చెందిన 11వ శతాబ్దపు కంచు అర్ధనారీశ్వరుడు. శివుడి వైపు రెండు చేతులు, అమ్మవారి వైపు ఒక్కటే. చెప్పులు విప్పాలా అని అడిగింది. అక్కర్లేదన్నా దండం పెట్టుకునే కదిలింది. పూజలందుకోవలసిన మూర్తిని ఇలా ప్రదర్శనలో చూడటం నాకు మాత్రం కాస్త ఇబ్బందిగానే అనిపించింది.

మిగతా గ్యాలరీలకు కాళ్లు సహకరించలేదు. శుక్రవారం సెలవని ముందే చెప్పినవారికి ధన్యవాదాలు, గురువారమే వెళ్లాం.