వాటర్ హీటర్ నిరోధం, సామర్థ్యం ఎలా లెక్కించాలి?

ప్రశ్న (పరకాల):
అన్నలకు నమస్కారం. మా హీటరుపై 230 వోల్టులు, 1000 వాట్లు అని ముద్రించి ఉన్నప్పటికీ, సాయంత్రం పూట నీళ్లు కాగడానికి చాలా సేపు పడుతోంది. ఆ సమయంలో కొలిస్తే వోల్టేజి 200, కరెంటు 3.8 ఆంపియర్లు వచ్చాయి. హీటరు చెడిపోయిందా?

జవాబు (కాజీపేట):
చెడిపోలేదు తమ్ముడూ. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం 52.6 ఓములు, రెండింటినీ గుణిస్తే సామర్థ్యం 760 వాట్లు వస్తాయి. ముద్రించిన విలువలను తీసుకొని 230 వర్గాన్ని 1000తో భాగించినా 52.9 ఓములే వస్తుంది కాబట్టి, కాయిల్ బాగానే ఉందని, తగ్గింది సరఫరా వోల్టేజి మాత్రమేనని నిశ్చయంగా చెప్పవచ్చు. సామర్థ్యం వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. అందుకే వోల్టేజి 13 శాతం పడిపోతే సామర్థ్యం సుమారు 24 శాతం పడిపోయింది.

జవాబు (హనుమకొండ):
పై లెక్క సరైనదే. అయితే దీనిని బావి మోటారుకు యథాతథంగా వర్తింపజేయకండి. సింగిల్ ఫేజ్ మోటారులో కరెంటు వోల్టేజి కంటే వెనుకబడి నడుస్తుంది కనుక, వోల్టేజి, కరెంటుల లబ్ధాన్ని పవర్ ఫ్యాక్టరుతో (ఆ వెనుకబాటును లెక్కలోకి తెచ్చే, 1 కంటే తక్కువ ఉండే సంఖ్యతో) కూడా గుణించాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు అన్నా. ఈ రోజు తెల్లవారుజామున మళ్లీ కొలిచాను: 228 వోల్టులు, 4.3 ఆంపియర్లు. అంటే 980 వాట్లు, నిరోధం 53 ఓములు.