రిసార్ట్‌లో రాత్రి ఏడున్నరకి "ట్రైబల్ డాన్స్": కూర్చుని చప్పట్లు కొట్టాలా, లేచి వచ్చేయాలా?

మారతహళ్ళి_మూర్తి:
బెంగళూరులో ఉన్న తెలుగోళ్ళం ఏడాదికోసారైనా కూర్గో వయనాడో చిక్కమగళూరో పోయొస్తాం కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. పోయిన లాంగ్ వీకెండ్‌కి అమ్మానాన్నల్ని, మా ఆవిడని, పాపని తీసుకుని మడికేరి దాటాక ఒక రిసార్ట్‌కి వెళ్ళాం. పేరు చెప్పను, చెప్తే మళ్ళీ అదో పంచాయితీ. రెండు రాత్రులు, రెండు కాటేజీలు, 38 వేలు అయింది.

రెస్ట్ మాత్రం దొరికింది, అబద్ధం ఎందుకు. పెంకుల మీద వాన, కీచురాళ్ళ గోల, ఫోన్‌కి సిగ్నల్ లేదు. తెల్లారి ఐదున్నరకి ఎవడో కుర్రాడు ఈల వేసుకుంటూ పోతున్నాడనుకుని తలుపు తీస్తే పిట్ట, మలబార్ విజిలింగ్ థ్రష్ అంట. నాన్న మూడేళ్ళ తర్వాత మాత్ర లేకుండా నిద్రపోయారు.

గొడవంతా మొదటి రోజు రాత్రి. క్యాంప్‌ఫైర్ దగ్గర "ఆథెంటిక్ ట్రైబల్ డాన్స్ ఆఫ్ కూర్గ్" అని మైకులో చెప్పి ఎనిమిది మందిని తీసుకొచ్చారు, ట్రాక్ ప్యాంట్ల మీద ఆకుల లంగాలు కట్టి, మొహాలకి తెల్ల రంగు పూసి. మా పక్క టేబుల్ ఆయన గ్లాసు పట్టుకుని మధ్యలోకి దూరిపోయి రీల్ తీయించుకున్నాడు. అమ్మ సగంలోనే లేచి రూముకి వెళ్ళిపోయింది. తొమ్మిదింటికి నాన్న మాత్రల కోసం కారు దగ్గరికి వెళ్తే గేటు పక్క షెడ్డులో వాళ్ళే కూర్చుని ఉన్నారు, ఆకుల లంగాలు మడిచి ఎరువుల గోతంలో కుక్కేసి, జీపు కోసం. ఒకమ్మాయి మడమకి పట్టిన జలగ మీద సున్నం రాస్తోంది, అది ముడుచుకుని ఊడిపోయింది, రక్తం మాత్రం ఆగట్లేదు. ఇంత రాత్రి ఇంటికేనా అని నాకొచ్చిన కన్నడలో అడిగితే కాదు, తొమ్మిదిన్నరకి ఇంకో రిసార్ట్‌లో షో ఉందన్నారు.

మా అమ్మ అరకు దగ్గర ఆశ్రమ పాఠశాలలో 22 ఏళ్ళు టీచర్‌గా చేసింది. చైత్రంలో ఇటుకల పండక్కి అక్కడి గిరిజనులు ఒకరి నడుము ఒకరు పట్టుకుని గొలుసులా ధింసా ఆడేటప్పుడు తుడుము డప్పు మోగితే చాలు ఈవిడని కూడా ఆ గొలుసులోకి లాగేసేవాళ్ళంట. "ఇది డాన్స్ కాదురా, డ్యూటీ. వాళ్ళ మొహాలు చూశావా" అంది. మా ఆవిడేమో నువ్వు లేచి వచ్చేస్తే వాళ్ళకొచ్చే నాలుగు రూపాయలు కూడా రావు, అంతకన్నా ఏం ఉద్ధరించావ్ అంటుంది. ఇద్దరి మధ్యా నేను. మీరేమంటారు?

వైట్‌ఫీల్డ్_వెంకీ:
బ్రో మరీ ఓవర్‌థింకింగ్. డ్యూటీ అయితే తప్పేంటి, మనం చేసేది డ్యూటీ కాదా? మా ఆఫీసు యాన్యువల్ డేకి హెచ్ఆర్ వాళ్ళు నన్ను పంచె కట్టించి స్టేజి ఎక్కించారు, నా మొహం కూడా అలాగే ఉంది. వాళ్ళకి పని దొరికింది, గెస్టుకి టైంపాస్ దొరికింది. వారమంతా సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో చచ్చి రెండు రోజులు అడవిలో పడుకుందామని పోతే అక్కడ కూడా గిల్టీ ఫీలవ్వాలా.

అనంతపురం_అబ్బి:
డాన్స్ సంగతి అట్ల పెట్టప్పా, ముందు అది అడవేనా? కాఫీ తోటని రెయిన్‌ఫారెస్ట్ అని అమ్ముతాండారు. నువ్వు రూము కిటికీలోంచి చూసిన నిట్టనిలువు చెట్లున్నాయే, వాటికి మిరియాల తీగ పాకించింటారు, అవి సిల్వర్ ఓక్. ఆస్ట్రేలియా నుంచి తెచ్చింది. అసలు వానకారు అడవి చూడాలంటే ఆగుంబె పో. ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్ల పైన పడ్తాది, మన బెంగళూరుకి వెయ్యి పడితే గొప్ప, మా అనంతపురం లెక్క చెప్తే ఏడుపొస్తాది. ఆడ రోములస్ విటేకర్ 2005లో పెట్టిన రెయిన్‌ఫారెస్ట్ రీసెర్చ్ స్టేషన్ ఉండాది, కింగ్ కోబ్రాల మీద పని చేస్తారు. స్విమ్మింగ్ పూల్ లేదు, క్యాంప్‌ఫైర్ లేదు, జలగలు మాత్రం ఫ్రీ.

వైట్‌ఫీల్డ్_వెంకీ:
అబ్బీ, నాన్నగారికి నిద్ర పట్టింది అని చెప్తుంటే నువ్వు కింగ్ కోబ్రా దగ్గరికి పంపిస్తావేంది స్వామీ.

కాఫీగింజ:
కుశాలనగర్‌లో నాలుగేళ్ళు ఉన్నాను, ఒక రిసార్ట్ అకౌంట్స్‌లో. మూర్తి గారూ, మీకు చూపించింది "కూర్గ్ డాన్స్" అని మైకులో చెప్పారన్నారే, అక్కడే మొదటి బొంకు. కూర్గ్ సొంతవాళ్ళైన కొడవల ఆట వేరు. మగాళ్ళు కుప్య అనే నల్ల కోటు వేసుకుని నడుముకి చేలె అనే ఎర్ర పట్టీ కట్టి పీచెకత్తి అనే చిన్న బాకు దోపుకుంటారు, ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు వెనక్కి పెట్టుకుంటారు, పుత్తరి పండక్కి కొత్త వరి కోసినప్పుడు ఆడే ఆటలు అవి. వాళ్ళకి తోటలున్నాయి, తుపాకీకి లైసెన్సు అక్కర్లేదన్న మినహాయింపు ఉంది, 1956 దాకా ఏకంగా సొంత రాష్ట్రమే ఉండేది. వాళ్ళు మీ క్యాంప్‌ఫైర్‌కి వచ్చి ఆకులు కట్టుకోరు.

నేను పనిచేసిన చోట అలా వచ్చేవాళ్ళు జేను కురుబలు, యెరవలు అనే గిరిజనులు. జేను అంటే తేనె, తేనె తీసేవాళ్ళు. నాగరహొళె అడవిలోంచి వీళ్ళ కుటుంబాల్ని ఎన్నో బయటికి తెచ్చి కాలనీల్లో పెట్టారు, చాలామంది ఇప్పుడు కాఫీ తోటల్లో కూలీలు. అంటే పగలు తోటలో పని, రాత్రి అదే తోటలో అడవి మనిషి వేషం. ఆ ఆకుల లంగా వాళ్ళది కాదండీ, ఈవెంట్ వాడిది. వౌచర్ నేనే రాసేవాణ్ణి కాబట్టి తెలుసు, "కాస్ట్యూమ్ రెంట్" అని విడిగా కట్ అయ్యేది, ఎవరి డబ్బుల్లోంచో మీరే ఊహించుకోండి.

వరంగల్_వినోద్:
గిదే నేను చెప్దామనుకున్న. మేడారంకి కోటి మంది పోతరు, ఎవ్వడన్న టికెట్ పెట్టి రాత్రి ఏడున్నరకు సమ్మక్కను తెచ్చి చూపిస్తడా? గద్దె మీదికి తల్లి ఎప్పుడొస్తే గప్పుడే, మనమే ఎదురుచూడాలె. కేరళల కన్నూర్ దిక్కు దేవుని వేషం కట్టి ఆడే తెయ్యం కూడ గంతే, నేను పోయిన ఏడు పోయిన. అక్టోబర్ ఆఖరుల మొదలైతది, వానలు పడేదాక నడుస్తది, ఏ కావుల, అంటే ఏ గుడి తోపుల, ఏ రోజో వాళ్ళ లెక్క వాళ్ళకుంటది. రాత్రంత నేల మీద కూసున్న, దోమలు పీక్క తిన్నయ్. తెల్లారుజామున తెయ్యం కట్టే ముసలాయన తల మీద ముడి, అంటే పెద్ద కిరీటం, కట్టించుకొని అద్దంల మొహం చూసుకున్నడు సూడు, అద్దంల చూసుకున్నంక ఆయన ఆయన కాదు. ఒక్క రూపాయి అడగలే. లోకల్ కల్చర్ అంటే నువ్వు దాని టైంకి పోవాలె, అది నీ డిన్నర్ టైంకి రాదు.

వైట్‌ఫీల్డ్_వెంకీ:
అన్నా బాగుంది, రాత్రంతా నేల మీద కూర్చోవడానికి నీకు వీలైంది. మూర్తి గారికి పాప ఉంది, డెబ్బై ఏళ్ళ నాన్న ఉన్నారు, సోమవారం ఆఫీసులో స్టాండప్ మీటింగ్ ఉంది. రెండు రోజుల లీవున్నోడికి కల్చర్ వద్దంటావా? చిన్న ముక్క చూస్తేనే కదా నెక్స్ట్ టైం పెద్దది చూడబుద్ధేసేది.

వరంగల్_వినోద్:
చిన్న ముక్క చూడు, వద్దన్ననా. అబద్ధం ముక్క చూడకు అంటున్న.

ఫిల్టర్_డికాషన్:
హోమ్‌స్టే తీసుకోండి, సమస్యే ఉండదు. ఇంటివాళ్ళే పంది కూర వండి పెడతారు, కాచంపులి అనే నల్లటి పులుపు వేసి, దాంతో కడంబుట్టు అనే బియ్యపు రవ్వ ఉండలు. అదే కల్చర్. పైగా కొండ చెక్కి కట్టిన పెద్ద రిసార్టుల్లో వానాకాలం పడుకోవడం నాకు భయం, 2018 ఆగస్టులో మడికేరి చుట్టూ కొండలు ఎలా జారాయో చూశాం, 2024 జులై 30న వయనాడ్ ముండక్కై, చూరల్‌మల సంగతి చెప్పక్కర్లేదు.

కాఫీగింజ:
హోమ్‌స్టే అని బోర్డు పెట్టి పద్ధెనిమిది రూములు నడిపేవాళ్ళని చూశాను. ఇంటివాళ్ళు మైసూరులో ఉంటారు, వంట బీహార్ కుర్రాడు చేస్తాడు, కాచంపులి బదులు చింతపండు. ఇంటివాళ్ళు అక్కడే ఉంటారా అని అడిగి బుక్ చేసుకోండి. కొండల గురించి మీరన్నది మాత్రం నిజం, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నేనైతే వాలు మీద కట్టిన కాటేజీ తీసుకోను.

పాడేరు_పిల్ల:
చాలాసేపట్నుంచి చదువుతున్నాను, మా గిరిజనుల గురించి మాట్లాడుతూ మమ్మల్ని తప్ప అందర్నీ అడుగుతున్నట్టుంది కాబట్టి రాస్తున్నా. మాది పాడేరు వైపు, ఎలక్ట్రానిక్ సిటీలో టెస్టింగ్‌లో పనిచేస్తా. మా పిన్ని అరకులో టూరిస్టులకి ధింసా ఆడేది. ఇంటర్‌లో నా హాస్టల్ ఖర్చుల్లో కొంత ఆ డబ్బే. అందుకని "పాపం వాళ్ళు" అని లేచి వెళ్ళిపోయేవాళ్ళంటే నాకు చికాకు, సారీ మూర్తి గారూ, మీ అమ్మగారిని అనట్లేదు, ఆవిడ గొలుసులో కలిసి ఆడినావిడ, ఆవిడ లెక్క వేరు.

వినోద్ అన్నయ్యా, నీ మాట బాగుంది కానీ అందరికీ తెయ్యం లాంటి కావు మిగల్లేదు. జేను కురుబలు పండగ చేసుకునే చోటుకే వెళ్ళాలంటే పర్మిషన్ అడగాల్సిన పరిస్థితి. అప్పుడు స్టేజి మీద అయినా ఆ పాట పాడితేనే కదా పిల్లలకి గుర్తుండేది. మా పిన్ని టూరిస్టుల ముందు ఆడి ఆడి ఇంటికొచ్చాక మాకు అడుగు నేర్పింది. ఎడమ కాలు వెనక్కి వేసేటప్పుడు పక్కమ్మాయి నడుము మీద చెయ్యి గట్టిగా బిగించాలి, లేకపోతే గొలుసు తెగుతుంది. ఈ ముక్క నాకు పండగలో రాలేదు, ఆవిడ ప్రాక్టీసులో వచ్చింది.

నాకు మండేది రెండు చోట్ల. ఒకటి ఆ ఆకులు. మా వాళ్ళు మోకాళ్ళ కిందికి చీర కట్టి భుజం మీద ముడేసి ఆడతారు, అదే కట్టుకుని ఆడింది పిన్ని, ఎవడూ ఆకులు చుట్టమనలేదు, చుట్టమంటే కొట్టేది. రెండోది ఆ గ్లాసు ఆయన మధ్యలోకి దూరడం. భరతనాట్యం జరుగుతుంటే స్టేజి ఎక్కి రీల్ తీసుకుంటాడా? ఎక్కడు. అక్కడ మాత్రం ఎక్కొచ్చనుకున్నాడు, మేనేజర్ ఆపలేదు. డబ్బుకి ఆడితే సిగ్గేం లేదు, ఆ ఎక్కనిచ్చారే అది సిగ్గు. బుక్ చేసేముందు ఒక్కటి అడగండి, ఆడేవాళ్ళ చేతికి మనిషికి ఎంత ఇస్తారు అని. చెప్తే వెళ్ళండి, చూడండి, చప్పట్లు గట్టిగా కొట్టండి.

అనంతపురం_అబ్బి:
చెల్లెమ్మా, దీని మీద నేనేం మాట్లాడేది లేదు. సిల్వర్ ఓక్ మాట మాత్రం నిజమే.

వైట్‌ఫీల్డ్_వెంకీ:
గ్లాసు ఆయన విషయంలో ఒప్పుకుంటున్నా. కిందటేడు వయనాడ్‌లో నేను కూడా మధ్యలోకి వెళ్ళి ఎగిరా, రీల్ ఇంకా ఉంది. డిలీట్ చేస్తా.

మారతహళ్ళి_మూర్తి:
పాడేరు చెల్లెమ్మా, నీ పోస్టు అమ్మకి చదివి వినిపించా. "ఆ పిల్ల చెప్పిందే కరెక్టు, నేను లేచి రాకుండా ఆ గ్లాసు వాణ్ణి లేపాల్సింది" అంది. ఇంకోటి చెప్పడం మర్చిపోయా. రెండో రోజు పొద్దున్నే అమ్మ రిసార్ట్ కిచెన్ వెనక్కి వెళ్ళి గంటసేపు కనపడలేదు. చూస్తే అక్కడ గిన్నెలు కడిగే ఆవిడ వెదురు కొమ్ములు, అంటే లేత వెదురు మొలకలు, తరుగుతోంది, మెనూ కోసం కాదు, వాళ్ళ స్టాఫ్ కూర. అమ్మకి కన్నడం రాదు, ఆవిడకి తెలుగు రాదు. అరకులో అయితే ఇలా సన్నగా తరుగుతారు అని అమ్మ కత్తి తీసుకుని చూపిస్తోంది, ఆవిడ నవ్వుతూ కాదు కాదు అని తల ఊపి గుండ్రంగా కోస్తోంది. నీళ్ళు ఎన్నిసార్లు మార్చాలనే దగ్గర మాత్రం ఇద్దరూ వేళ్ళు చూపించి ఒప్పందానికి వచ్చారు, లేకపోతే చేదు పోదు, ఒంటికీ మంచిది కాదు. పనసాకు దొన్నెలో అమ్మకి కొంచెం కూర ఇచ్చింది. ఆ 38 వేలల్లో లేని ఐటెం అదొక్కటే.

పాడేరు_పిల్ల:
ఆకలేస్తోంది మూర్తి గారూ. అమ్మగారు నీళ్ళు ఎన్నిసార్లు మార్చమన్నారు? ఇక్కడ మా రూమ్మేట్ రెండుసార్లు చాలంటుంది, మా పిన్ని మూడు.

మారతహళ్ళి_మూర్తి:
మూడే అంట. ఇంకా, నువ్వు చెప్పావని ఇవాళ ఆ రిసార్ట్‌కి ఫోన్ చేసి అడిగా, ఆడేవాళ్ళకి మనిషికి ఎంత ఇస్తారు అని. "కల్చరల్ ప్రోగ్రాం కాంప్లిమెంటరీ సార్, మీరేం పే చేయక్కర్లేదు" అంది ఆ అమ్మాయి. నేను కాదమ్మా, మీరు వాళ్ళకి ఎంత పే చేస్తారు అంటే ఒక్క నిమిషం సార్ అని హోల్డ్‌లో పెట్టింది. పదకొండు నిమిషాలు విన్నా. హోల్డ్ ట్యూన్ ఏంటో తెలుసా, ఆ డాన్స్‌లో కొట్టిన డప్పే.