చిలకరింపు పొందినవారు మళ్లీ మునగాలా?

ప్రశ్న:
పసితనంలో చిలకరింపు (నీళ్లు చల్లి ఇచ్చే బాప్తిస్మం) పొందినవారు బాప్టిస్టు సంఘంలో చేరాలంటే మళ్లీ నీళ్లలో దిగాల్సిందేనా? ముంచేటప్పుడు జాగ్రత్తలేమిటి?

జవాబు 1:
చాలా బాప్టిస్టు సంఘాల్లో దిగాల్సిందేనండి. వాళ్ల లెక్కలో అది రెండోది కాదు, అదే మొదటిది. నమ్మి ఒప్పుకున్నాకే బాప్తిస్మం అంటారు. రోమా 6:4, అపొస్తలుల కార్యములు 8:38 వారి ఆధారాలు.

జవాబు 2:
దిగడం, మునగడం ఒకటే కాదు కదండీ. 8:38లో బాప్తిస్మమిచ్చిన ఫిలిప్పు కూడా దిగాడు, మరి ఆయనా మునిగాడా? యెహెజ్కేలు 36:25లో శుద్ధజలం చల్లుతానంటాడు దేవుడు. ప్రెస్బిటేరియన్ సంఘాలు పాటించే 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం ముంచడం తప్పనిసరి కాదంది. తొలి క్రైస్తవుల బోధల పుస్తకం దిదాకే 7వ అధ్యాయం పారే నీళ్లు మేలంటూనే, అవీ వేరే నీళ్లూ లేకపోతే తలపై మూడుసార్లు పొయ్యమంటుంది. అయితే అది పోయడం, చిలకరించడం కాదు. చిలకరింపు చాలనే మా వైపువాళ్లు ఈ ముక్క దాటేస్తుంటారు!

జవాబు 3:
ముంచడానికి నడుములోతు నీళ్లు చాలు. ఛాతీ దాటితే కాళ్లు తేలి పట్టు దొరకదు. పాస్టరు పక్కన నిలబడి ఒక చెయ్యి భుజాల వెనక వెయ్యాలి. మునిగేవారు ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో ఆ ముక్కు మూసుకున్న చేతి మణికట్టు పట్టుకోవాలి. కర్రలా బిగుసుకుని వెనక్కి పడితే పాదాలు జారి నుదురు పైనే ఉండిపోతుంది. మోకాళ్లు వంచి, కూర్చోబోతున్నట్టు వాలాలి. పలుచని తెల్లబట్టలు తడిస్తే ఒంటికి అంటుకుంటాయి, దళసరివి వేసుకోమనండి. నీళ్లలో ఉన్నవారి చేతికి తీగ మైకు ఇవ్వనే ఇవ్వొద్దు. షాకు కొట్టి ప్రాణాలు పోయాయి.