ప్రాంప్ట్‌ని సింగారించాలా, ఒట్టిగా వదిలేయాలా?

నల్లతెర:
కొత్త లాప్‌టాప్‌లో బ్యాష్‌ఆర్‌సీ ఫైలు (కమాండ్లు తీసుకునే బ్యాష్ షెల్‌కి సెట్టింగులుండేది) మళ్లీ మొదటి నుంచి రాసుకుంటున్నాను. పాతదాంట్లో టైము, గిట్ బ్రాంచి (కోడ్‌లో ఏ శాఖ మీద పనిచేస్తున్నామో), బ్యాటరీ అన్నీ ప్రాంప్ట్‌లోనే, అంటే కమాండు టైప్ చేసే చోటుకి ముందుండే ముక్కలోనే కనిపించేవి. ఈసారీ అవన్నీ పెట్టుకోవాలా, డాలరు గుర్తొక్కటి చాలా?

పాతకీబోర్డు:
డాలరు చాలు. వేరే మెషీన్ ముందు కూర్చున్నప్పుడు మీ సింగారమేదీ అక్కడ ఉండదు. పైగా నెమ్మది. మా రిపాజిటరీ (గిట్ చూసుకునే కోడ్ ఫోల్డరు) చాలా పెద్దది. ప్రాంప్ట్‌లో గిట్ స్టేటస్ (ఏ ఫైళ్లు మారాయో చూసేది) పెట్టుకున్నన్నాళ్లూ ఎంటర్ కొట్టిన ప్రతిసారీ కర్సరు ఓ క్షణం బిగుసుకుపోయేది. ఒట్టి ఎంటర్ కొట్టినా అంతే. బ్రాంచి పేరు కావాలంటే గిట్‌నే అడగొచ్చు కదా.

రాత్రిడ్యూటీ:
అడగాలని గుర్తుండాలి కదండీ! నావి రెండు విండోలు, ఒకటి టెస్ట్ సర్వరు, ఒకటి లైవ్ (జనం వాడేది). రెండిట్లోనూ బ్యాష్ తనంతట తాను చూపించే ప్రాంప్టే: షెల్ పేరు, వెర్షన్ నంబరు, డాలరు. ఏ మెషీన్‌లో ఉన్నామో ఒక్క ముక్క చెప్పదు. రాత్రి 2 గంటలకి ఒక ఫోల్డరు తుడిచేశాను. ఏ విండోలోనో వేరే చెప్పాలా! మర్నాడే లైవ్ సర్వరు పీఎస్1లో (ప్రాంప్ట్ ఎలా కనిపించాలో చెప్పే సెట్టింగు) హోస్ట్ పేరు, అంటే మెషీన్ పేరు, ఎర్రరంగులో పెట్టాను.

నల్లతెర:
నేనూ ఎరుపు పెట్టి చూశాను. పొడుగు కమాండు టైప్ చేస్తే కింది వరసకి దిగకుండా అదే వరస మొదట్లోకొచ్చి ప్రాంప్ట్ మీదే పడుతోంది.

పాతకీబోర్డు:
నేను మొత్తుకునేది ఇదే. సరే, రంగు కోడ్‌కి ముందు బ్యాక్‌స్లాష్, తెరిచే చదరపు బ్రాకెట్, చివర బ్యాక్‌స్లాష్, మూసే బ్రాకెట్ పెట్టండి. లేకపోతే తెరమీద కనిపించని ఆ అక్షరాల్ని కూడా బ్యాష్ లెక్కేసుకుంటుంది, వరస ఎక్కడ తెగాలో తప్పుతుంది.

రాత్రిడ్యూటీ:
ఇంకోటి. ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న మెషీన్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అయినప్పుడు బ్యాష్ చదివేది బ్యాష్ ప్రొఫైల్ అనే ఇంకో ఫైలుని. అందులోంచి బ్యాష్‌ఆర్‌సీని పిలవకపోతే మీ ఎరుపు సర్వర్లో కనిపించకపోవచ్చు. అలాగని బ్యాష్‌ఆర్‌సీలో స్వాగతం మెసేజ్‌లు ప్రింట్ చేయకండి, ఎస్‌సీపీతో (ఎస్ఎస్‌హెచ్ దారిలోనే ఫైళ్లు కాపీ చేసే కమాండు) ఫైళ్లు పంపడం ఆగిపోతుంది. ఒక పూటంతా నెట్‌వర్క్‌ని తిట్టుకున్నాక తెలిసింది నాకు.

నల్లతెర:
బ్రాకెట్లు పెట్టాక కుదిరింది. బ్యాటరీ, టైము తీసేశాను. హోస్ట్ పేరు, ఫోల్డరు, బ్రాంచి ఉంచాను. బ్రాంచి పేరు మాత్రమే, ఫైళ్లు మారాయో లేదో వెతకడం లేదు, అందుకే ఆలస్యమేమీ తెలియట్లేదు.

పాతకీబోర్డు:
హోస్ట్ పేరు వరకైతే ఒప్పుకుంటాను. రంగు మాత్రం నా మెషీన్‌లోకి రాదు.